మరమ్మతుల నిమిత్తం

జోనల్ ఆఫీసు మేడ మీద గది.
ఫ్యాను వేస్తే కాగితాలు లేస్తాయని
ఫ్యాను వెయ్యరు.
నేను రాస్తాను, రోజుకొకటి:
"మరమ్మతుల నిమిత్తం రేపు ఉదయం
కప్పరాడ, తాటిచెట్లపాలెం పరిసరాల్లో
మంచినీటి సరఫరా ఉండదు.
ప్రజలు సహకరించగలరు."

పదకొండేళ్ళుగా ప్రజలు సహకరిస్తూనే ఉన్నారు.

మొన్న గెడ్డ పూడిక తీశారు.
పద్నాలుగు లారీల బురద అని రాశాను.
బురదలో ఏమేం వచ్చాయో రాయడానికి
ఫారంలో గడి లేదు.
కుట్టుమిషను తొక్కుడు పలక,
రెండు హెల్మెట్లు, విరిగిన తొండం,
ఎవరిదో పెళ్ళి ఆల్బం అట్ట,
ఒక స్కూలు బూటు, ఎడమకాలిది.
నూకరత్నం దాన్ని కడిగి పిట్టగోడ మీద పెట్టింది.
"దీని జతది ఎవుల కాడుందో, వొత్తార్లే అమ్మా."
వారమైంది.
బూటులో వాననీళ్ళు నిలిచాయి.
దోమల నివారణ వాళ్ళు వచ్చి
వంచి వెళ్ళారు.

వీధి దీపాలు: అందిన ఫిర్యాదులు ముప్పై ఎనిమిది,
పరిష్కరించినవి ముప్పై ఎనిమిది.
మా వీధిది ముప్పై తొమ్మిదోది.
ఇక్కడే పనిచేస్తూ ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో తెలీక
సెల్లు వెలుతురులో తాళం తీసుకుంటున్నాను.

జ్ఞానాపురం నుంచి ఒకాయన రోజూ ఫోన్ చేస్తాడు.
బొగ్గు దుమ్ము గురించి కాదు, దాని మీద ఆశ వదిలేశాడు.
కుళాయికి తల ఎప్పుడు బిగిస్తారని.
"నమోదు చేశామండీ" అంటాను.
"నిన్న కూడా చేశారు" అంటాడు, మర్యాదగా.

ఇదంతా లోవరాజు గురించి చెప్పడానికే మొదలుపెట్టాను.

వాల్వు మనిషి.
తనకన్నా పొడుగు తాళంచెవి భుజాన వేసుకుని
తెల్లారగట్ల మూడున్నరకి బయల్దేరతాడు.
పదహారు చుట్లు తిప్పితే కొండవాలు ఇళ్ళకి నీళ్ళెక్కుతాయి.
పదిహేనే తిప్పితే
సగం మెట్ల దగ్గర ఆగిపోతాయి,
పైన బిందెలు పోట్లాడుకుంటాయి.

లీకు ఎక్కడో తెలీనప్పుడు
ఇనప కడ్డీ, ఒక కొన రోడ్డుకి, ఒక కొన చెవికి.
అర్ధరాత్రి దాటాక, లారీకీ లారీకీ మధ్య,
వంగి వింటాడు.
"పారే నీళ్ళు గొణుగుతాయమ్మా.
కారే నీళ్ళు ఈలేత్తాయి."
ఒకసారి నాకూ ఇచ్చాడు కడ్డీ.
రోడ్డు తప్ప ఏమీ వినపడలేదు.

పోయిన నెల పెద్ద లైను పగిలింది.
మూడు రాత్రులు విన్నాడు.
నాలుగో రాత్రి సుద్దముక్కతో ఒక గీత గీశాడు.
తవ్వితే, గీతకి జానెడు పక్కన చీలిక.
ఆ రోజు ప్రకటనలో రాశాను:
లోవరాజు విని కనిపెట్టాడు.
ఏఈ గారు చదివారు. కోపం లేదు, అలవాటే.
"పేర్లు వద్దమ్మా.
సాంకేతిక సిబ్బంది గుర్తించారు, అని పెట్టండి."
పెట్టాను.

ఆ సాయంత్రం సాంకేతిక సిబ్బంది
ఆఫీసు మెట్ల మీద కూర్చుని
పొట్లంలో ఉల్లి పకోడీ తింటూ
కుడిచెవిలో చిటికెనవేలు పెట్టి తిప్పుకుంటున్నాడు.
"ఈ మద్దిన ఇటేపు సరిగ్గా ఇనపట్నేదమ్మా.
ఆపీసులో సెప్పకండి."

చెప్పలేదు.

ఈ రాత్రి ప్రకటన సగంలో ఉంది.
మరమ్మతుల నిమిత్తం రేపు, దాని తర్వాత
ఊరి పేరు రావాలి.
ఫోన్ మోగింది.
"మర్రిపాలెం మలుపు కాడున్నానమ్మా.
ఈల ఉన్నట్టే ఉంది. ఇటో అటో తెల్డంలేదు.
ఓపాలి రాండి."

ఆటో దిగేసరికి
రోడ్డు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు,
బస్సు కోసం ఆగినవాడిలా.
ఇనుము చల్లగా ఉంది.
ముందు నా గుండె చప్పుడే వినిపించింది.
ఒక లారీ పోయింది. ఇంకొకటి.
తర్వాత చాలా కింద, సన్నగా,
ఉందో లేదో,

"కంగారు పడకండి" అన్నాడు లోవరాజు.
సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.